పనసపొట్టు సాక్ష్యం

కుడిపూడి గవర్రాజు బతికున్నన్నాళ్ళూ అతను నెలకి ఎంత సంపాదిస్తున్నాడని ఏ ఆఫీసూ అడగలేదు. ఇసుక లారీ గుద్ది పోయాక మాత్రం, అది తేలేదాకా అన్నం సహించనట్టు అందరూ అడగడం మొదలుపెట్టారు.

గవర్రాజు పెళ్ళిళ్ళ వంట మేస్త్రి. కోనసీమలో ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సంబంధం కుదిరిందంటే, ముహూర్తం కోసం పురోహితుడి దగ్గరికి వెళ్ళి, అటునుంచి అటే గవర్రాజు గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. ఆ రోజు ఖాళీ లేదని గవర్రాజు అంటే వెనక్కి వెళ్ళి ముహూర్తం మార్పించుకున్నవాళ్ళున్నారు. ముహూర్తాలు ఏడాదికి చాలా ఉంటాయి, వెయ్యిమందికి పనసపొట్టు కూర ఒకే రుచిలో దింపేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ మోపెడ్ వెనక గరిటెలు కట్టుకుని ఒక గృహప్రవేశానికి వెళుతుంటే ఎదురుదారిలో లారీ వచ్చింది. తప్పు తనదేనని లారీ డ్రైవరు పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. ఈ కథలో తప్పు ఒప్పుకున్నవాడు అతనొక్కడే కాబట్టి అతన్ని ఇక్కడితో వదిలేద్దాం.

గవర్రాజు భార్య మంగాయమ్మ నష్టపరిహారానికి దావా వేసింది. లారీకి బీమా ఉంది, బీమా కంపెనీకి లాయరున్నాడు, ఆ లాయరు దగ్గర ఒకే ఒక ప్రశ్న ఉంది: ఆదాయానికి రుజువేది? పెళ్ళివంటల్లో రసీదులుండవు. పెళ్ళివారు తమలపాకులో వక్కా, నూటపదహార్లూ పెట్టి చేతికిస్తే బేరం కుదిరినట్టే. మిగతాది పెళ్ళయ్యాక. ఈ సంగతి మంగాయమ్మ బోనులో నిలబడి చెబితే, అయితే ఆ తమలపాకులు దాఖలు చెయ్యమన్నాడు కంపెనీ లాయరు. అవి ఆయన నమిలేశారండి అని ఆమె ఉన్నమాటే చెప్పింది. సాక్ష్యాన్ని మృతుడు స్వయంగా నాశనం చేసినట్టు రాసుకున్నారు. చివరికి వచ్చిన తీర్పులో, ఆదాయ రుజువు లేనందున మృతుణ్ణి అకుశల కూలీగా పరిగణించడమైనది అని ఉంది.

ఆ లెక్కన వచ్చే డబ్బు కూతురి నర్సింగు చదువు పూర్తికాకముందే అయిపోతుంది. అది నిజమే గాని, మంగాయమ్మకి కడుపు మండింది డబ్బుకి కాదు, పనితనం లేని కూలీ అన్న ఆ మాటకి. ఆమె తరఫు లాయరు పుల్లేటికుర్తి శేషగిరి, దీన్ని ఇంగ్లీషులో చదివితే అంత బాధగా ఉండదని ఓదార్చబోయాడు.

"కూలి చేసుకునేవోళ్ళని తక్కువచేసి అనట్లేదండి," అంది మంగాయమ్మ. "కూలివోళ్ళు పదిమంది ఆయన చేతికింద పని చేసేవోరు. ఆయన చెయ్యి పడితేనే అది వంట. వంట మేస్త్రి అని రాయించండి. అందుకు ఎక్కడిదాకా రమ్మంటే అక్కడిదాకా వస్తాను."

ఎక్కడిదాకా అంటే, మృతమూల్య పునర్నిర్ణయ మండలిదాకా. రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళ విలువ తక్కువ కట్టారని ఎవరికైనా అనిపిస్తే అప్పీలు చేసుకోవడానికి పెట్టిన ఆఫీసది. జిల్లా కేంద్రంలో ఉంది. ముగ్గురు సభ్యులు, వాళ్ళలో ఒకరు అధ్యక్షులు. అధ్యక్షులవారు వచ్చీ రాగానే ఒక సంస్కరణ తెచ్చారు. జీతం కాగితాలు, ఆదాయ ధ్రువపత్రాలు డబ్బు పారేస్తే ఎక్కడైనా పుడుతున్నాయి కాబట్టి, ఇకమీదట మండలి కాగితాన్ని నమ్మదు, పనిని నమ్ముతుంది. చనిపోయినవాడు నిపుణుడని అన్నవాళ్ళు ఆ నైపుణ్యాన్ని మండలి ఎదుట ప్రత్యక్షంగా నిరూపించాలి. నియమంలో ఇలా ఉంది: మృతుడు స్వయంగా హాజరై నిరూపించుకోవలెను, అనివార్య కారణాలవల్ల హాజరు కాలేని పక్షంలో వారసులు నిరూపించవచ్చును.

ఈ నియమాన్ని పత్రికలు మెచ్చుకున్నాయి. పక్క జిల్లాలవాళ్ళు వచ్చి చూసి, రాసుకుని వెళ్ళారు. ఫలితాలు కళ్ళకి కనబడుతూనే ఉన్నాయి. ఒక తాపీమేస్త్రి కేసులో అతని తమ్ముళ్ళిద్దరూ మండలి ఎదుట గోడ కట్టి చూపించారు. ఒక్క గోడతో నైపుణ్యం తేలదని మిగతా మూడు గోడలూ కట్టమన్నారు. అధ్యక్షులవారి గదికి ఆనుకుని ఉన్న స్నానాలగది ఆ కేసుదే. కిటికీలకి వేలాడుతున్న తెరలు ఒక దర్జీ కేసువి. సభ్యుల నున్నటి చెంపల వెనక ఇంకా వాయిదాల్లో ఉన్న ఒక మంగలి కేసు ఉంది, అది ఇప్పట్లో తేలేట్టు లేదు.

మంగాయమ్మ అప్పీలు మొదటిసారి పిలిచిన రోజు అధ్యక్షులవారు కాగితాలు తిరగేసి, వంట అన్న మాట దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకున్నారు. శేషగిరి వాదన ఇంకా మొదలుపెట్టనే లేదు. మృతుని విశిష్ట నైపుణ్యం ఏ వంటకమందు ప్రస్ఫుటమగుచుండెనో సెలవివ్వవలసిందని వారు మంగాయమ్మని అడిగారు. ఆ ప్రశ్నని శేషగిరి తెలుగులోకి మార్చాక, పనసపొట్టు కూరండి, ఆవ పెట్టింది, అని ఆమె చెప్పింది. రెండో సభ్యులు, అనుబంధ సాక్ష్యంగా దప్పళం, పులిహోర, బూరెలు కూడా ఉంటే నిర్ణయానికి రావడం తేలికవుతుందన్నారు. మూడో సభ్యులు ముద్దపప్పుని చేర్పించారు. సాక్ష్యం ఖర్చు అర్జీదారుదే.

వాయిదా నాటికి మంగాయమ్మ సామాను మూటగట్టుకుని బస్సెక్కింది. మండలి వరండాలో గ్యాసు పొయ్యి పెట్టించారు. ఆమెకి వంట రాదని కాదు. దగ్గర ఊళ్ళయితే ఆమె కూడా భర్తతో వెళ్ళి, నేలలో తవ్విన గాడిపొయ్యి దగ్గర నిలబడేది. చింతపండు పిసికేది, ఆవ నూరేది, ఆయన ఏది ఎప్పుడు వేస్తున్నాడో చూసేది. ఆ చూసిందంతా ఆ రోజు చేతుల్లోకి తెచ్చుకుంది. ఆయన పేరు నిలబెట్టే పని ఇంకెన్నడూ రాదనుకుంది పాపం. పొట్టు మెత్తబడకుండా ఉడికించి, పోపు పెట్టి, కూర దించాక, ఆ వేడి కాస్త తగ్గనిచ్చి ఆవ కలిపింది. వేడిమీద కలిపితే చేదెక్కుతుందని గవర్రాజు ఎంతమంది కుర్రాళ్ళని తిట్టాడో ఆమెకి తెలుసు.

సాక్ష్యాన్ని విస్తళ్ళలో స్వీకరించారు. మండలి ముగ్గురూ, ఆఫీసు సూపరింటెండెంటూ, కంపెనీ లాయరూ ఒకే వరసలో కూర్చున్నారు. నిష్పక్షపాతంగా ఉండాలని మొదటి సగం ఎవరూ ఏమీ మాట్లాడలేదు. రెండో సగం మాట్లాడే స్థితిలో లేరు. పనసపొట్టు విషయంలో సందేహం మిగిలిందని అధ్యక్షులవారు రెండుసార్లు మళ్ళీ వేయించుకున్నారు. బూరెల మీద కంపెనీ తరఫున అభ్యంతరం లేదని లాయరు చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు.

భోజనం అయ్యాక అడ్డుప్రశ్నలు. కంపెనీ లాయరు పళ్ళు కుట్టుకుంటూ, చాలా మర్యాదగా, ఒకే ప్రశ్న వేశాడు. గవర్రాజు గారి వంటల్లో ఉప్పు సరిపోయిందో లేదో ఎవరు చూసేవారమ్మా?

మంగాయమ్మ మొహం విప్పారింది. ఇన్నాళ్ళకి ఒకడు పనికొచ్చే ప్రశ్న అడిగాడనుకుంది. "నేనేనండి," అంది. "వండింది ఆయన నోట్లో పెట్టుకునేవోరు కాదు. పొయ్యి సెగకి నాలిక చచ్చిపోతాదనేవోరు. నేను చూసి ఊఁ అంటేనే మూత పెట్టేవోరు."

లాయరు థాంక్స్ చెప్పి కూర్చున్నాడు. శేషగిరి రాసుకుంటున్న కలానికి మూత పెట్టేశాడు. ఆమెకి మాత్రం తిరుగు బస్సులో కునుకు కూడా హాయిగా పట్టింది.

తీర్పు ఆలస్యం లేకుండా వచ్చింది. శేషగిరి దాన్ని మంగాయమ్మకి చదివి వినిపించాడు. మృతుడు కుడిపూడి గవర్రాజు సాధారణ కూలీ కాడనియు, అసాధారణ నైపుణ్యం గల వంట మేస్త్రి అనియు మండలి స్వయంగా భుజించి నిర్ధారించుకున్నది. మంగాయమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఇంకా ఉందమ్మా అన్నాడు శేషగిరి. అయితే, సదరు నైపుణ్యం మృతునితో పాటు నశించలేదనియు, అర్జీదారు హస్తమునందును జిహ్వయందును యథాతథంగా ఉన్నదనియు కూడా అదే భోజనమందు రుజువైనది. ఉన్న వస్తువు పోయినదని చెప్పి పరిహారం కోరుట న్యాయసమ్మతం కాదు. అర్జీదారు నిపుణురాలైన వంటమేస్త్రి కనుక ఎవరిపైనా ఆధారపడినదిగా భావించ వీలులేదు. కావున కింది కోర్టు మంజూరు చేసిన కూలీ పరిహారం సైతం రద్దు చేయడమైనది.

ఇది మొత్తంమీద మన గెలుపేనని శేషగిరి అన్నాడు. మనం అడిగిన మాట రాశారు, సూత్రం మన పక్షాన తేలింది, ఒక్క డబ్బే రాలేదు. ఆయన వంట బాగా వండి చూపిస్తే ఆయన పోనట్టేనా అని మంగాయమ్మ అడిగింది. శేషగిరి దానికి సెక్షను వెతుకుతూ పుస్తకం తిరగేశాడు.

పునర్విచారణకి దరఖాస్తు పెట్టారు. పదిమందికి వండడం వేరు, వెయ్యిమందికి వండడం వేరు అన్నది అందులో వాదన. వెయ్యిమంది కూరకి ఉప్పు గరిటెలతో కొలవరు, ఆవ నోటితో చూడరు, పొయ్యి మంట చూసి, గంగాళంలో పొగ చూసి చేతికి తోచాలి. ఆ తోచడం గవర్రాజుతోనే పోయింది. ఇది మంగాయమ్మ చెప్పిన మాట, శేషగిరి కాగితం మీద పెట్టాడు. మండలి దీన్ని గణితశాస్త్రం దృష్ట్యా పరిశీలించింది. పదిమందికి వండగల వ్యక్తి అదే పనిని నూరుమార్లు చేసినచో వెయ్యిమందికి వండినట్లే అగుననియు, కావలసినది ఓపిక మాత్రమేననియు అభిప్రాయపడింది. అయినా అర్జీదారు తనకు నైపుణ్యం లేదని గట్టిగా వాదిస్తున్నందున, ఆ లేకపోవడాన్ని కూడా నియమం ప్రకారం ప్రత్యక్షంగా నిరూపించే అవకాశం ఇచ్చింది. వంటకాలు యథాపూర్వం. ఖర్చు కూడా.

శేషగిరి తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, ఈసారి బాగా వండకూడదని చెప్పాడు. మంగాయమ్మకి అర్థం కాలేదు. చెడగొట్టాలమ్మా, నోట్లో పెట్టుకోలేనట్టుండాలి, అప్పుడే నైపుణ్యం పోయిందని ఒప్పుకుంటారు అని విడమర్చి చెప్పాడు. ఆమె లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమే వచ్చింది. నర్సింగు కాలేజీవాళ్ళు ఫీజు కట్టకపోతే పరీక్షకి కూర్చోనివ్వం అన్నారు.

వాయిదా రావడానికి చాలా నెలలు పట్టింది. ఆ నెలల్లో మండలిలో ఒక మార్పు జరిగింది. అధ్యక్షులవారికి రక్తపోటు బయటపడింది. డాక్టరు ఉప్పు పూర్తిగా మానిపించాడు. ఇంటి దగ్గర్నుంచి వచ్చే క్యారియరులో చప్పిడి కూర, చప్పిడి చారు, పెరుగన్నం. ఆయన తీర్పులు కూడా ఆ రోజుల్లో చప్పగా ఉన్నాయని లాయర్లు చెప్పుకునేవారు. ఇది మంగాయమ్మకీ తెలీదు, శేషగిరికీ తెలీదు.

ఆ రోజు వరండాలో పొయ్యి ముందు కూర్చుని ఆమె కూర అంతా వరసగానే చేసింది. పొట్టు పొట్టులాగే వచ్చింది, పోపు పోపులాగే వేగింది. చెడగొట్టడం ఎక్కడ మొదలుపెట్టాలో చేతికి తెలియలేదు. చివరికి ఉప్పు డబ్బా తీసి, కళ్ళు మూసుకుని, గుప్పిళ్ళతో వేసింది. కళ్ళు తెరిచేసరికి నీళ్ళు కారుతున్నాయి. గవర్రాజు పోయినప్పుడు ఊరంతా వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఇప్పుడు అతని కూరని ఆమే పాడుచేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపడానికి ఒక్కరూ లేరు. ఆమెకి ఇంత సిగ్గు జన్మలో వెయ్యలేదు.

విస్తళ్ళు వేశారు. ఈ సాక్ష్యం మీకు పనికిరాదేమోనని సూపరింటెండెంటు అధ్యక్షులవారికి చెవిలో గుర్తుచేశాడు. డాక్టరు నిషేధించినది భోజనమందలి ఉప్పుని మాత్రమేననీ, ఇది భోజనం కాదనీ, విచారణలో భాగమనీ వారు అందరికీ వినబడేట్టు సెలవిచ్చి, మొదటి ముద్ద కలుపుకున్నారు.

నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. శేషగిరి మనసులోనే పరిహారం మొత్తానికి వడ్డీ కూడా లెక్కకట్టేశాడు. అధ్యక్షులవారు కళ్ళు తెరిచి, "అబ్బ," అన్నారు. నెలల తరబడి ఉప్పు మొహం చూడని మనిషి అన్న మాట అది. అధికార భాషలో అలాంటి మాట లేదు గనక అది రికార్డుకెక్కలేదు.

రెండో సభ్యులు అప్పుడే ముద్ద పెట్టుకున్నారు. ఆయన కళ్ళంట నీళ్ళొచ్చాయి. అధ్యక్షులవారి వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, హృదయాన్ని కదిలించే రుచి అన్నారు. మూడో సభ్యులు మంచినీళ్ళ చెంబు దించకుండా తాగి, ఇందులో ఒక గాంభీర్యం ఉంది అన్నారు. కంపెనీ లాయరు ఒక్క మెతుకు ముట్టుకుని, చెయ్యి కడుక్కుని, ప్రశ్నలేమీ లేవన్నాడు. అధ్యక్షులవారు మూడుసార్లు వేయించుకున్నారు. తీర్పు రాసేలోపు ఆయన్ని రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చిందిగాని, అది ఈ కేసుకి సంబంధించిన విషయం కాదు.

ఉండబట్టలేక మంగాయమ్మ మండలి ముందుకి వచ్చింది. ఆ కూర తను కావాలని పాడుచేసిందనీ, ఎవరూ తినకూడదనీ, తన మొగుడు వండే కూర ఇది కాదనీ చెప్పేసింది. శేషగిరి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అధ్యక్షులవారు ఆమెని ఎంతో దయగా చూశారు. గొప్ప కళాకారులందరూ తమ పనిలో లోపాలే చూస్తారని అన్నారు.

రెండో తీర్పు మొదటిదానికన్నా పొడుగు. అర్జీదారు నైపుణ్యం తొలి విచారణ నాటికన్నా గణనీయంగా అభివృద్ధి చెందినది. మృతుడు జీవించియున్నచో అర్జీదారు కేవలం ఆవ నూరుటకు, ఉప్పు చూచుటకు పరిమితమై ఉండెడిది. కనుక సదరు ప్రమాదంవల్ల ఆమెకు కలిగినది నష్టం కాదు, వృత్తిపరమైన ఉన్నతి. ఆ ఉన్నతికి ఆమె నుండి ఏమైనా వసూలు చేయవలెనా అను అంశాన్ని మండలి పరిశీలించి, ఆమె వితంతువు అన్న సానుభూతితో విరమించుకున్నది. మంగాయమ్మ ఇది విని శేషగిరికి నమస్కారం పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. పైకోర్టుకి వెళదామని ఆయనంటే, అక్కడ ఎంతమందికి వండాలండి అని అడిగింది.

ఆ తరవాత ఆమె టౌనులో ఒక కాలేజీ హాస్టల్లో కూరగాయలు తరిగే పనికి కుదిరింది. ఆ జీతంతోనూ, చేతి గాజులు అమ్మిన డబ్బుతోనూ కూతురు పరీక్షకి కూర్చుంది.

అలా ఉండగా ఒకనాడు మండలి జీపు ఆమె ఇంటి ముందు ఆగింది. సూపరింటెండెంటు దిగాడు. మనిషి మంచివాడే, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. మండలి వార్షికోత్సవం జరుగుతోందట. పెద్దలు వస్తున్నారు, వెయ్యిమందికి తక్కువ కాకుండా భోజనాలు. అధ్యక్షులవారు ఆ పనసపొట్టు కూర సంగతి కనబడ్డవాళ్ళందరికీ చెప్పారట, ఆమే వచ్చి వండాలని పట్టుబట్టారట. మండలికి వండిపెట్టడం ఎంత గౌరవమో కాసేపు చెప్పి, ఆ తరవాత డబ్బు సంగతికి వచ్చేసరికి గొంతు సవరించుకున్నాడు. రేటు మన చేతిలో లేదమ్మా, ఆఫీసు పద్ధతి ప్రకారం వంటపనికి వచ్చే ఆడవాళ్ళకి అకుశల కూలీ కిందే ఇవ్వగలం అన్నాడు.

మంగాయమ్మ అతనికి మంచినీళ్ళిచ్చింది. అతను తాగేదాకా నిలబడింది. గ్లాసు తీసుకుని, గుమ్మం దాకా సాగనంపి, అప్పుడు చెప్పింది.

"నాకు పదిమందికే వచ్చండి. వెయ్యిమందికి వండే ఆయన లారీ కింద పడి పోయారు. మీ ఆఫీసుకి ఇంకా తెలీలేదా బాబూ?"

సూపరింటెండెంటు ఇన్నేళ్ళ అలవాటుకొద్దీ, దానికి రుజువేదమ్మా అన్నాడు. ఆ మాట నోరు దాటాక అతను సిగ్గుపడ్డాడో లేదో చెప్పలేం, మంగాయమ్మ అప్పటికే తలుపు వేసేసింది.